కారు అడుగున వినిపించే చప్పుళ్ళు

కారుతో పాటు వచ్చిన సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లులు పడినప్పుడు, దాని స్థానంలో బజారులో దొరికే మరొకదాన్ని బిగించుకోవడం మన భిలాయి టౌన్‌షిప్‌లో అందరూ ఎరిగిన విషయమే. కొద్దిపాటి ఖర్చుతో పని జరిగిపోతుంది. పాతది చక్కగా ఉన్నప్పటికీ, బండికి గంభీరమైన నాదం రావాలన్న ముచ్చటతో లావుపాటి స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలను తగిలించుకునే యువకులూ మనలో లేకపోలేదు. పొదుపు కోసం మార్చినా, ముచ్చట కోసం మార్చినా, కొన్ని మాసాలు గడిచేసరికి ఉభయులకూ ఎదురయ్యే సమస్య ఒక్కటే. కారు అడుగు నుండి ఇదివరకు లేని ఏదో చప్పుడు వినిపించసాగుతుంది.

ఆ చప్పుడును మెకానిక్కుకు వివరించడంలోనే మన తెలుగువారికి తొలి చిక్కు వచ్చిపడుతుంది. బుసబుస, టకటక, గలగల, గుడగుడ, ఫటఫట, కీచు, ఈల, హోరు అంటూ ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క మాట ఉన్న భాష మనది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చి రెండు మూడు తరాలుగా ఇక్కడ స్థిరపడిన కుటుంబాలలో సైతం ఈ మాటలు చెక్కుచెదరలేదు. కాని సుపేలాలోనో, పవర్ హౌస్‌లోనో దుకాణం ముందు కారు ఆపేసరికి ఆ సంపద యావత్తూ "ఆవాజ్ ఆ రహీ హై" అన్న ఒక్క వాక్యంలోకి కుదించుకుపోతుంది. ఆ వాక్యానికి మెకానిక్కు వద్ద సాధారణంగా ఉండే సమాధానమూ ఒక్కటే: సైలెన్సర్ మార్చాలి. మార్చిన పిదప కూడా చప్పుడు యథాతథంగా ఉంటే ఆశ్చర్యపడవలసినది లేదు. రోగం సైలెన్సర్‌లో కాక, దానికి ఆరడుగుల ముందున్న ఒక గాస్కెట్‌లో ఉండి ఉండవచ్చు.

కాబట్టి చప్పుడు ఎలా ఉన్నదన్న వర్ణన కంటె, అది ఎప్పుడు వస్తున్నదన్న సమాచారమే విలువైనది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతనా? బండి నిలిచి ఉన్నప్పుడు కూడా వస్తున్నదా? యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా? గతుకులలోనా, నున్నని రోడ్డు మీదనా? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళే యజమానికి భాషతో పెద్దగా పని ఉండదు. సగం రోగనిర్ణయం ఇంటి వద్దనే జరిగిపోయి ఉంటుంది.

సైలెన్సర్ చేసే పని

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి కాలిన వాయువును బయటికి నెడుతుంది. మూడు సిలిండర్ల కారు నిమిషానికి 3000 చుట్లు తిరిగినప్పుడు సెకనుకు 75 సార్లు, నాలుగు సిలిండర్ల కారులో 100 సార్లు ఈ విస్ఫోటనం గొట్టంలోకి దూకుతుంది. ఆ తాకిడిని అణచడానికి అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన మిల్టన్, మార్షల్ రీవ్స్ అనే సోదరులు 1897లోనే ఒక సాధనానికి పేటెంటు పొందారు. వాయువు ఇరుకు గొట్టం నుండి విశాలమైన గదిలోకి ప్రవేశించి వ్యాకోచిస్తే దాని ఉద్ధృతి తగ్గుతుంది. మన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 120వ నియమం కూడా సైలెన్సర్‌ను నిర్వచించేటప్పుడు ఈ వ్యాకోచపు గదినే ప్రస్తావిస్తుంది.

కారు తయారీదారు అమర్చే సైలెన్సర్‌లో ఇటువంటి గదులు అనేకం ఉంటాయి. ఒక గది నుండి మరొక గదికి రంధ్రాల గొట్టాల ద్వారా వాయువు మళ్ళుతూ పోతుంది. ఆ క్రమంలో శబ్ద తరంగాలు గోడలకు తగిలి వెనుదిరిగి, ఎదురు వచ్చే తరంగాలను రద్దు చేస్తాయి. మందమైన, లోతైన ధ్వనులు అణిగేది ఈ విధంగానే. బజారులో లభించే గొట్టం రకం సైలెన్సర్‌లలో చాలావరకు ఈ ఏర్పాటు ఉండదు. తిన్నగా పోయే రంధ్రాల గొట్టానికి చుట్టూ గాజు ఉన్ని దట్టించి పైన తొడుగు వేస్తారు. గాజు ఉన్ని సన్నని, తీక్ష్ణమైన ధ్వనులను బాగా పీల్చుకుంటుంది గాని, లోతైన ధ్వనిని దాదాపు అలాగే వదిలివేస్తుంది. పైగా వేడికి, తేమకు ఆ ఉన్ని క్రమక్రమంగా రాలి గొట్టం వెంట ఎగిరిపోతుంది. కొన్న కొత్తలో హుందాగా పలికిన బండి ఏడాది తిరిగేసరికి ఖాళీ డ్రమ్ములా పలుకుతున్నదంటే కారణం ఇదే. దానికి వెల్డింగు వల్ల ప్రయోజనం లేదు, ఉన్నిని తిరిగి దట్టించవలసినదే.

ఉదయం వినిపించి మాయమయ్యేది

చలికాలపు ఉదయం ఇంజన్ స్టార్టు చేయగానే బానెట్ దిక్కు నుండి టకటకమని వేగంగా వినిపించి, ఐదు పది నిమిషాలలో మాయమయ్యే చప్పుడు ఒకటి ఉన్నది. ఇంజన్ తలకు బిగించిన మానిఫోల్డ్ వద్దనో, దాని కింది ఫ్లాంజి వద్దనో గాస్కెట్ దెబ్బతిన్నదనడానికి ఇది తొలి సూచన. సైలెన్సర్ మార్చేటప్పుడు పాత గాస్కెట్‌నే తిరిగి వాడటం, బోల్టులను ఒకే వైపు అతిగా బిగించడం దీనికి తరచుగా కారణమవుతాయి. లోహం వేడెక్కి వ్యాకోచించగానే సందు మూసుకుపోతుంది, చప్పుడు ఆగిపోతుంది. అందుచేత బండి దుకాణానికి చేరేసరికి అంతా సవ్యంగానే ఉంటుంది. ఇటువంటి సందర్భంలో ముందు రోజు సాయంత్రమే బండిని అక్కడ వదిలి రావడమో, ఉదయం ఫోనులో ఆ చప్పుడును రికార్డు చేసుకుని వెళ్ళడమో ఉత్తమం.

వాల్వుల టాపెట్ చప్పుడు కూడా ఇదే తీరున ఉంటుంది కనుక పొరబడే అవకాశం ఉన్నది. మన కర్మాగారంలో ఫిట్టర్లు పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగుకు, పిడిని చెవికి ఆనించి లోపలి సంగతి పసిగట్టడం పాఠకులకు విదితమే. టాపెట్లకు ఆ పద్ధతే చాలు. వాయువు లీకుకు మాత్రం మీటరు పొడవు రబ్బరు గొట్టం కావాలి. ఒక కొనను చెవి వద్ద ఉంచుకుని, రెండవ కొనను జాయింట్ల చుట్టూ నెమ్మదిగా తిప్పితే లీకు ఉన్న చోట బుసబుస స్పష్టమవుతుంది. తిరుగుతున్న ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. జాయింటు చుట్టూ నల్లని మసి చార కనిపిస్తే ఇక సందేహమే లేదు.

ఇంజన్ నడపకుండానే చేయదగిన పరీక్ష కూడా ఉన్నది. వాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే మూతిని చల్లారిన టెయిల్ పైపులో గుడ్డతో బిగించి, జాయింట్ల మీద సబ్బునీరు చిలకరిస్తే, లీకు ఉన్న ప్రతి చోటా బుడగలు లేస్తాయి. గ్యాస్ సిలిండరుకు మనం చేసే పరీక్షే ఇది. ఏ పరీక్షకైనా సరే, కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి దూరరాదు. రెండు వైపులా స్టాండులు పెట్టి తీరవలసినదే.

ఎవరి చెవి వినాలి?

ఇక్కడ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్‌ను పరిమితిగా పాటిస్తున్నాము గాని, దశాబ్దాలుగా మిల్లుల మధ్య, బ్లోయర్ల చెంత పనిచేసిన చెవి మునుపటిలా ఉండదు. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం మొట్టమొదట 4000 హెర్ట్జ్ పరిసరాలలో మొదలవుతుంది. మాటలు బాగానే వినిపిస్తాయి, హోరు బాగానే వినిపిస్తుంది, సన్నని బుస మాత్రం చెవిని చేరదు. వాయువు లీకు పలికేది ఆ సన్నని స్వరంలోనే. ఆ కారణంగా అనుభవజ్ఞులైన మన సీనియర్లు కారులో హోరు గురించి ఎంతగానో ఫిర్యాదు చేస్తారు గాని, లీకు గురించి చెప్పడం అరుదు. నిజానికి హోరు వల్ల కలిగేది చిరాకు మాత్రమే, లీకు ప్రాణాలకే ముప్పు తెస్తుంది. కాబట్టి ఉదయం బండి స్టార్టు చేసినప్పుడు ఇంట్లో ఉన్న పిల్లలను పిలిచి వినమనడం ఎంతో శ్రేయస్కరం.

ముప్పు అనడంలో అతిశయోక్తి లేదు. కార్బన్ మోనాక్సైడ్ అంటే ఏమిటో భిలాయి వాసులకు పరిచయం చేయవలసిన పని లేదు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో అది సుమారు ఐదోవంతుకు పైగానే ఉంటుంది. 2014 జూన్ 12న పంప్ హౌస్ వద్ద ఆ వాయువు లీకై ఆరుగురిని బలిగొన్న దుర్ఘటన మన స్మృతిపథం నుండి తొలగేది కాదు. పనిచేసే చోట గాలిలో దానికి ఫ్యాక్టరీల చట్టం విధించిన సగటు పరిమితి పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళుగా ఉండేది. పాత తరం పెట్రోలు కార్లకు కాలుష్య పరీక్షలో అనుమతించిన మోతాదు 3 శాతం, అనగా పది లక్షలకు 30,000 పాళ్ళు. టెయిల్ పైపు నుండి వెలువడి గాలిలో కలిసిపోయినప్పుడు ప్రమాదం లేదు. అదే వాయువు కారు మధ్యభాగాన, నేలరేకు కిందనే వెలువడితే, తుప్పు రంధ్రాల గుండా, గేరు లివరు రబ్బరు పక్కనుండి, సరిగా మూసుకోని డిక్కీ సందుల నుండి లోపలికి చేరుతుంది. రంగు లేదు, వాసన లేదు. కర్మాగారంలో మెడకు తగిలించుకునే గ్యాస్ డిటెక్టరు కారులో ఉండదు. కంపెనీ పరికరాన్ని ఇంటికి తీసుకుపొమ్మని నా భావం కాదు!

పండుగ సెలవులకు స్వస్థలాలకు వెళ్ళే మనవారు ధమ్తరి, కాంకేర్ దాటి కేశకాల్ ఘాట్ ఎక్కి, జగ్దల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు ఘాట్ దిగుతారు. కిటికీలు మూసి, ఏసీ నడుపుతూ, గంటల తరబడి ప్రయాణం. మలుపులలో పిల్లలకు తల తిరగడం, వాంతులు కావడం సహజమేనని సరిపెట్టుకుంటాము. కాని స్టీరింగు పట్టుకున్నవారికి సాధారణంగా ఘాట్ రోడ్డు తిప్పుడు సోకదు. కారులో అందరితో పాటు నడిపేవారికి కూడా తలనొప్పి, వికారం మొదలై, దిగి గాలిలో నిలబడగానే ఉపశమిస్తే, ఆ దోషం ఘాట్‌ది కాదని అనుమానించాలి. వెంటనే కిటికీలన్నీ తెరవాలి, లీకు సంగతి తేల్చుకోనిదే ప్రయాణం కొనసాగించరాదు.

పట్టాల సిద్ధాంతమే గొట్టాలకూ

వేసవిలో పట్టా సాగుతుందని పట్టాలు తయారుచేసే ఊరివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎగ్జాస్ట్ గొట్టం అంతకంటె ఎక్కువగా సాగుతుంది. మూడు మీటర్ల మామూలు ఉక్కు గొట్టం 300 డిగ్రీల మేర వేడెక్కితే సుమారు 11 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 15 మిల్లీమీటర్ల వరకు సాగుతుంది. కార్ల తయారీదారులు 409 వంటి ఫెర్రిటిక్ రకాలను విరివిగా వాడటానికి గల కారణాలలో ఈ తక్కువ వ్యాకోచం ఒకటి. బజారు గొట్టం మెరుపు కోసం 304తో చేసినదైతే, చల్లగా ఉన్నప్పుడు వేలెడు దూరంలో ఉన్న క్రాస్ మెంబరును వేడెక్కిన తరువాత తాకుతుంది.

మా విభాగంలోని ఒక సహోద్యోగి కారుకు ఇటువంటి గొట్టమే అమర్చారు. ఊళ్ళో తిరిగినంత కాలం ఏ చప్పుడూ లేదు. కేశకాల్ ఘాట్ ఎక్కిన తరువాత ప్రతి గతుకుకూ ఠంగు ఠంగుమని మోగసాగింది. మరునాడు దుకాణంలో ఎత్తి చూస్తే గొట్టం ఎక్కడా తగలడం లేదు. షాక్ అబ్జార్బరు మార్చమని సలహా ఇచ్చారట. చివరకు గొట్టం పైభాగాన సుద్ద దట్టంగా పూసి, గంటసేపు హైవే మీద నడిపించి వచ్చాక చూస్తే, క్రాస్ మెంబరు అంచున తెల్లని గీత పడి ఉన్నది. సైలెన్సర్ రబ్బర్లు రెండు మార్చి, ఒక బ్రాకెట్టును కొద్దిగా వంచడంతో సమస్య తీరిపోయింది. షాక్ అబ్జార్బర్ల ఖర్చు తప్పింది.

గలగలకు ఇంత శ్రమ అక్కరలేదు. ఇంజన్ చల్లారిన తరువాత గొట్టాన్ని అరచేతితో అక్కడక్కడ తడితే పలికే చోటు తెలిసిపోతుంది. తరచుగా అది వేడి రేకు బోల్టు ఊడి ఆడటమే, ఒక స్టెయిన్‌లెస్ క్లిప్పు చాలు. డబ్బాలో గులకరాళ్ళు వేసినట్లు లోపలి నుండి వినిపిస్తే మాత్రం సైలెన్సర్ లోపలి పలక విరిగిందనో, క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని పింగాణీ ఇటుక పగిలిందనో అర్థం. ఆ ముక్కలు గొట్టానికి అడ్డం పడితే బండి ఎత్తు ఎక్కలేక మూలుగుతుంది. కన్వర్టర్‌ను తీసివేసి ఖాళీ గొట్టం వేస్తామని చెప్పేవారి మాట ఎంతమాత్రం వినరాదు. చప్పుడు పోతుంది గాని, విషవాయువులను శుద్ధిచేసే సాధనమే పోతుంది.

గుడగుడ నీటి లక్షణం. ఒక లీటరు పెట్రోలు దహనమైతే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుందంటే చాలామంది నమ్మరు. సెక్టారు నుండి గేటుకు, గేటు నుండి సెక్టారుకు మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడిచే మన కార్లలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కే అవకాశమే రాదు. ఆవిరి నీరై అడుగున నిలిచి, ఆమ్లాలతో కలిసి లోపలి నుండి తినివేస్తుంది. మన టౌన్‌షిప్‌లో సైలెన్సర్లు చిల్లులు పడటంలో ఈ పొట్టి ప్రయాణాల పాత్ర ఎంతో ఉన్నది. వారానికి ఒకసారి అరగంట పాటు హైవే మీద నడిపితే నీరు ఆవిరై పోతుంది. సైలెన్సర్ అడుగున కనిపించే చిన్న రంధ్రం కొన్నింటిలో నీరు కారడానికి తయారీదారు పెట్టినదే. దాన్ని చిల్లు అనుకుని వెల్డింగు చేయించిన పుణ్యాత్ములను నేనెరుగుదును.

హోరు, ఫటఫట

హోరు విషయంలో నిజమైన దోషిని పట్టుకోవడానికి గేర్లు ఉపకరిస్తాయి. ఒక గేరులో హోరు వచ్చినప్పుడు ఇంజన్ చుట్లు ఎన్ని ఉన్నవో గుర్తుంచుకుని, వేరే గేరులో అవే చుట్ల వద్ద గమనించాలి. చుట్లు మారకుండా హోరు తిరిగి వస్తే అది ఎగ్జాస్ట్‌దే. చుట్లతో నిమిత్తం లేకుండా బండి వేగాన్ని బట్టి వస్తే అది చక్రం బేరింగుదో, టైరుదో. నాలుగు సిలిండర్ల కారులో 2400 చుట్ల వద్ద గొట్టంలో పుట్టే ధ్వని 80 హెర్ట్జ్. కారు లోపలి ఖాళీ స్థలం అటువంటి లోతైన స్వరాలకు ప్రతిధ్వనిస్తుంది. గాజు ఉన్ని ఎంత దట్టించినా ఇది తగ్గదు. ప్రధాన గొట్టం పక్కన ఒక కొన మూసిన గొట్టాన్ని కలిపి ఆ ఒక్క స్వరాన్ని రద్దు చేయవచ్చు గాని, వేడి వాయువులో 80 హెర్ట్జ్‌కు ఆ గొట్టం సుమారు 1.4 మీటర్ల పొడవు ఉండాలి. చిన్న కారు కింద దానికి చోటెక్కడిది? గదులు గల సైలెన్సర్‌ను తిరిగి అమర్చుకోవడమే సులభమైన మార్గం.

యాక్సిలరేటర్ వదలగానే వెనుకనుండి ఫటఫటమంటే, ఎక్కడో లీకు ద్వారా బయటి గాలి లోపలికి పోయి, కాలకుండా మిగిలిన ఇంధనాన్ని గొట్టంలో అంటిస్తున్నదని సాధారణంగా భావించవచ్చు. ఆ లీకు ఆక్సిజన్ సెన్సారుకు ముందు ఉంటే నష్టం రెట్టింపవుతుంది. గాలి ఎక్కువైనదని భ్రమించి కంప్యూటరు పెట్రోలును పెంచుతుంది, మైలేజి పడిపోతుంది. కొందరు ఈ ఫటఫటను పనిగట్టుకుని తెచ్చుకుంటున్నారు. వారికి చట్టం ఒకటి ఉన్నది. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిరోధిస్తుంది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే 190వ సెక్షను కింద, 2019 సవరణ తరువాత, తొలి నేరానికే పదివేల రూపాయల వరకు జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. లైసెన్సుకు మూడు నెలల అనర్హత అదనం. ఆసుపత్రుల చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద మండలాలు కావచ్చునని 2000 నాటి నియమాలు చెబుతున్నవి. అక్కడ రాత్రి పరిమితి 40 డెసిబెల్స్. సెక్టార్ 9 ఆసుపత్రి రోగుల మాట అటుంచి, మూడు షిఫ్టుల ఊరిలో మిట్టమధ్యాహ్నం కూడా ఎవరో ఒకరికి అర్ధరాత్రే కదా!

సైలెన్సర్ మార్పించక తప్పనివారు దుకాణంలో దగ్గరుండి కొన్ని పనులు చేయించుకోవాలి. గాస్కెట్లు, రబ్బర్లు కొత్తవే వేయించాలి. స్టెయిన్‌లెస్ గొట్టాన్ని మామూలు ఉక్కుకు అతికేటప్పుడు సాధారణ రాడ్డు వాడితే అతుకు పగులుతుంది, 309 రకం రాడ్డు కావాలన్నది మన వెల్డర్లందరికీ తెలిసినదే. ఇంజన్ వెనుక మెత్తని అల్లిక జాయింటు ఉన్న కారులో దాన్ని కోసివేసి తిన్నని గొట్టం అతకనివ్వరాదు. ఇంజన్ కదలికను మింగేది అదే. గొట్టానికి, బాడీకి నడుమ అన్ని చోట్లా వేలు దూరేంత ఎడం ఉన్నదో లేదో చూడాలి. ఆపైన నూరు కిలోమీటర్లు నడిపిన తరువాత, బండి చల్లారనిచ్చి, ఫ్లాంజి బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా, ఎదురెదురువి, మరొకసారి బిగించుకోవాలి.